మాట్లాడక్కర్లేదు, చదివితే చాలు: పరిశోధన కోసం ఫ్రెంచ్ నేర్చుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నారు. మీ అంశం మీద ముఖ్యమైన వ్యాసాలు, పాత నివేదికలు చాలావరకు ఫ్రెంచ్‌లోనే ఉన్నాయి. మీకు ఫ్రెంచ్ ఒక్క ముక్క రాదు. మాట్లాడే పని లేదు, చదివి అర్థం చేసుకుంటే చాలు, అవసరమైన చోట నాలుగు పేరాలు తెలుగులోకి తెచ్చుకోగలిగితే చాలు. ఎంతకాలం పడుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి, అసలు మెషిన్ ట్రాన్స్‌లేషన్ ఉండగా ఇంత శ్రమ అవసరమా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. రోజుకి గంట చొప్పున మానకుండా కూర్చుంటే ఆరు నుంచి తొమ్మిది నెలల్లో మీ సబ్జెక్టు వ్యాసాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవగలుగుతారు. డిక్షనరీతో పని మాత్రం ఎప్పటికీ తీరదు, నాకు పదిహేనేళ్ల తర్వాత కూడా తీరలేదు. అనువాదం వేరే విద్య, దానికి ఇంకో ఏడాది వేసుకోండి. మెషిన్ వాడండి, కానీ మీరు చదివాక వాడండి. ఎందుకో కింద చెప్తాను.

నాది వైద్య చరిత్ర. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ వైద్యుల నివేదికలు చదవడం నా పని కాబట్టి ఉదాహరణలన్నీ అటువైపు నుంచే వస్తాయి. ఫ్రెంచ్ మాటల్ని పలుకుబడికి దగ్గరగా తెలుగు లిపిలో రాస్తున్నాను. ముక్కుతో పలికే అచ్చులకి అరసున్న పెట్టాను. మనం ఎప్పుడో అటకెక్కించిన అరసున్న ఇలా ఫ్రెంచ్‌కి పనికొస్తుందని ఎవరనుకున్నారు!

మొదట, వదిలేయాల్సినవి వదిలేయండి. మామూలు ఫ్రెంచ్ కోర్సు పలకరింపులతో, హోటల్లో ఆర్డర్ ఇవ్వడంతో మొదలవుతుంది. మీకు అవి అక్కర్లేదు. ఏ నామవాచకం పుంలింగమో ఏది స్త్రీలింగమో బట్టీ పట్టక్కర్లేదు, చూసినప్పుడు గుర్తుపడితే చాలు. క్రియల్లో 'నువ్వు' రూపాలు పరిశోధన వ్యాసాల్లో దాదాపు కనపడవు. ఎక్కువగా ఉండేవి 'అతడు, ఆమె, వాళ్లు', రచయిత తనని తాను అనుకునే 'మేము', ఇంకా 'ఓఁ' అనే ఒక మాట. ఈ 'ఓఁ'ని చూసి ఇంగ్లిష్ వైపు నుంచి వచ్చినవాళ్లు తికమకపడతారు గాని మనకి చాలా తేలిక. 'ఓఁ ది' అంటే 'అంటారు'. ఎవరంటారు? ఎవరో ఒకరు. తెలుగులో కర్త లేకుండా 'అంటారు, చెప్తారు, అనుకునేవారు' అని రాసేస్తే పని అయిపోతుంది.

పదజాలం గురించి అంత భయం వద్దు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని జయించిన తర్వాత కొన్ని వందల ఏళ్లపాటు ఫ్రెంచ్ మాటలు ఇంగ్లిష్‌లోకి వచ్చి పడ్డాయి. ఇంగ్లిష్ వచ్చినవాళ్లకి పరిశోధన ఫ్రెంచ్‌లో సగం మాటలు చూడగానే తెలిసినట్టే ఉంటాయి. ఆ 'తెలిసినట్టు' ఉండటంలోనే కొంత ప్రమాదం ఉంది, దాని సంగతి తర్వాత.

అసలు కష్టం పెద్ద మాటలతో రాదు. పెద్ద మాట తెలియకపోతే డిక్షనరీ తీస్తాం. మనల్ని ముంచేవి చిన్న మాటలు, తెలుసు కదా అని దాటిపోయేవి. వాటిలో మొదటిది 'నె'.

మొదటి పాఠంలోనే 'నె ... పా' అంటే 'కాదు, లేదు' అని చెప్తారు. దాంతో 'నె' కనపడగానే వ్యతిరేకార్థం అని చెయ్యి అలవాటు పడిపోతుంది. కానీ 'నె ... కె' అంటే 'మాత్రమే'. 'ఇల్ న్యు కె త్రువా మోర్' అని ఉంటే మరణాలు లేవని కాదు, మూడే అని. దీన్ని తెలుగులో ఆలోచిస్తే చిక్కే లేదు. 'మూడు మరణాలు తప్ప లేవు' అని మనమూ అంటాం కదా, అచ్చం అదే నిర్మాణం. 'నె ... ప్ల్యు' అంటే 'ఇక లేదు'. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది: 'నె' లేకుండా 'ప్ల్యు' ఒక్కటే ఉంటే 'ఎక్కువ'. అంటే ఒక్క 'నె' ఉందా లేదా అన్నదాన్ని బట్టి 'ఇప్పుడు రోగులు ఎక్కువమంది ఉన్నారు' కాస్తా 'ఇక రోగులు లేరు' అయిపోతుంది. 'నె ... గేర్' అంటే 'అంతగా లేదు'.

అన్నిటికంటే మోసకారి ఏ అర్థమూ లేని 'నె'. 'వ్యాధి పాకుతుందేమో అని భయపడుతున్నాం' అని రాసేటప్పుడు ఫ్రెంచ్‌లో 'పాకుతుంది' ముందు ఒక 'నె' పెడతారు. 'పా' ఉండదు. అది వ్యతిరేకార్థం కాదు, కేవలం శైలి. 'భయం' తర్వాత, 'అంతకు ముందు' తర్వాత, 'అనుకున్నదానికంటే ఎక్కువ' లాంటి పోలికల తర్వాత ఇది వస్తుంది. మరోవైపు 'చేయగలగడం', 'ధైర్యం చేయడం', 'ఆగడం' లాంటి కొన్ని క్రియలతో 'పా' లేకుండా 'నె' ఒక్కటే వచ్చి నిజంగానే వ్యతిరేకార్థం ఇస్తుంది. కాబట్టి నా సలహా: మొదటి మూడు నెలలు చదివే ప్రతి పేజీలోనూ పెన్సిల్‌తో 'నె'లన్నిటికీ చుట్టూ గీయండి. ఒక్కోదాని జోడీ ఎక్కడుందో వెతికి రెండిటినీ గీతతో కలపండి. పిల్లల ఆటలా ఉంటుంది. నేను మాత్రం ఇప్పటికీ అలసిపోయిన రోజున ఇలాగే చేస్తాను.

రెండో చిన్న మాట 'ఒరే'. (మన 'ఒరేయ్' కాదు.) ఇంగ్లిష్‌లో 'వుడ్ హావ్' అని నేర్పిస్తారు. అంటే 'అలా జరిగి ఉండేది, కానీ జరగలేదు' అని. ఆ అర్థం ఉంది, నిజమే. కానీ చరిత్ర రచనల్లో, వార్తల్లో, నివేదికల్లో ఇంకో అర్థం చాలా తరచుగా వస్తుంది.

ఒక పాత కలరా నివేదికలో నాకు ఎదురైన వాక్యం: 'లె మలాద్ ఒరే బ్యు దె సెత్ ఓ.' నేను చేసిన మొదటి అనువాదం: 'రోగి ఆ నీళ్లు తాగి ఉండేవాడు.' తాగి ఉండేవాడంటే ఏమిటి? తాగాడా, తాగలేదా? ముందూ వెనకా రెండు పేరాలు చదివినా అతకలేదు. చివరికి ఒక పెద్దాయన చూసి నవ్వి, 'డాక్టరు కళ్లారా చూడలేదయ్యా, ఎవరో చెప్తే రాసుకున్నాడు' అన్నారు. అంతే. ఆ వాక్యం తెలుగులో ఇలా ఉండాలి: 'రోగి ఆ నీళ్లు తాగాడట.'

ఒక్క 'ట'. ఇంగ్లిష్‌లో దీనికి 'రిపోర్టెడ్లీ' అనో 'అలెజెడ్లీ' అనో ఒక పెద్ద మాట తగిలించాలి. మనకి క్రియ చివర్లో ఒక్క అక్షరం చాలు. వినికిడి మాట, దానికి నాది పూచీ కాదు అని చెప్పే ఈ 'ట' ఫ్రెంచ్ 'ఒరే'కి అతికినట్టు సరిపోతుంది. పరిశోధనలో ఇది చిన్న విషయం కాదు. ఆ నీళ్లే కారణమని ఆ డాక్టరు నమ్మాడని నేను రాయబోయాను. ఆయన నమ్మలేదు, విన్నది రాసుకున్నాడు. ఒక అధ్యాయంలో రెండు పేజీలు కొట్టేయాల్సి వచ్చింది.

క్రియల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మాటల్లో వాడని, పుస్తకాల్లో మాత్రమే వాడే ఒక భూతకాలం ఉంది. మాట్లాడటానికి నేర్పే కోర్సులు దాన్ని చివరికి నెట్టేస్తాయి, మీకు మాత్రం మొదటి నెలలోనే కావాలి. 'ఫ్యు' (ఉండెను), 'ఫి' (చేసెను), 'యు' (కలిగి ఉండెను), 'వేఁ' (వచ్చెను), ఇలాంటివి ఒక ఇరవై కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. 'వి' అని ఉంటే 'చూసెను' కావచ్చు, 'జీవిస్తున్నాడు' కూడా కావచ్చు, స్పెల్లింగ్ ఒకటే. ఇంకో తమాషా: చరిత్రకారులు జరిగిపోయినదాన్ని భవిష్యత్ కాలంలో రాస్తారు. స్టెతస్కోప్ కనిపెట్టిన లాయెనెక్ గురించి రాస్తూ '1826లో మరణిస్తాడు' అంటారు. జోస్యం కాదు. తెలుగులో 'మరణించాడు' అని రాసేయండి.

ఇక తెలిసినట్టే ఉండి మోసం చేసే మాటలు. వీటి జాబితాలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి అన్నీ రాయను. 'అక్త్యుయెల్‌మాఁ' అంటే 'నిజానికి' కాదు, 'ప్రస్తుతం'. 'ప్రెతాఁద్ర్' అంటే నటించడం కాదు, వాదించడం. 'ఇన్యోరే' అంటే పట్టించుకోకపోవడం కాదు, తెలియకపోవడం. 'ఓఁ ఇన్యోర్ లా కోజ్' అంటే 'కారణం తెలియదు'. దాన్ని 'కారణాన్ని నిర్లక్ష్యం చేశారు' అని రాస్తే చచ్చిపోయిన డాక్టర్ల మీద లేని నింద వేసినట్టే.

జాబితాల్లో దొరకనివి మీ సబ్జెక్టు లోపలి మాటలు. అవి ఎవరికి వాళ్లు పోగుచేసుకోవాల్సిందే. మా వైద్యంలో 'లె మలాద్ అక్యూజ్ యూన్ దులర్' అంటే రోగి ఎవరి మీదా నేరం మోపలేదు, 'నొప్పిగా ఉంది' అన్నాడు. గాయం ఊపిరితిత్తిని 'ఎఁతెరెస్' చేసిందంటే ఆసక్తి ఏమీ లేదు, ఊపిరితిత్తికీ తగిలిందని. 'ఉయ్ జూర్' అని, అంటే ఎనిమిది రోజులని, రాసి ఉంటే చాలాసార్లు దాని అర్థం వారం. 'కేఁజ్ జూర్', పదిహేను రోజులు అంటే రెండు వారాలు, మన 'పక్షం రోజులు' లాగా. జ్వరం ఎన్నాళ్లుందో లెక్కలు వేసేవాడికి ఈ ఒక్క రోజు తేడా ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. పట్టికల్లో ఇంకో జాగ్రత్త: మనం దశాంశానికి చుక్క పెడతాం, వాళ్లు కామా పెడతారు. '12,500' అని ఉంటే పన్నెండు వేల ఐదువందలు కాదు, పన్నెండున్నర.

నా సొంత పరాభవం ఒకటి చెప్తాను. నా మొదటి వ్యాసంలో 'సాఁ దూత్' అన్న మాటని 'నిస్సందేహంగా' అని అనువదించాను. ముక్క ముక్కగా చూస్తే అర్థం అదే: 'సాఁ' అంటే లేకుండా, 'దూత్' అంటే సందేహం. కానీ నేటి వాడుకలో దాని అర్థం 'బహుశా'. మూల రచయిత 'బహుశా ఇది కావచ్చు' అన్నచోట నేను 'నిస్సందేహంగా ఇదే' అని రాసి, దాని మీద ఒక వాదన కూడా కట్టాను. వ్యాసం పరిశీలించినవాళ్లు ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపారు. నిజంగా 'నిస్సందేహంగా' అనాలంటే మధ్యలో ఇంకో మాట చేర్చి 'సాఁజోక్యూఁ దూత్' అంటారు. అయితే పదిహేడో శతాబ్దపు రచనల్లో 'సాఁ దూత్'కి పాత అర్థమే, 'నిస్సందేహంగా' అనే, ఉండవచ్చు.

అందుకే డిక్షనరీకి కూడా ఒక కాలం ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ఇరవయ్యో శతాబ్దపు రచన అయితే 'త్రెజోర్ దె లా లాఁగ్ ఫ్రాఁసేజ్' చూడండి. 1971 నుంచి 1994 వరకు 16 సంపుటాలుగా వచ్చింది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితం. పంతొమ్మిదో శతాబ్దానికి కూడా అది పనికొస్తుంది, కానీ దానితోపాటు ఎమిల్ లిత్రే డిక్షనరీ పెట్టుకోండి. అది మొదట 1863, 1872 మధ్య అచ్చయింది, పాత వాడుకలు ఉదాహరణలతో ఇస్తుంది. ఇంకా వెనక్కి వెళ్తే ఫ్రెంచ్ అకాడమీ డిక్షనరీ ఉంది, మొదటి కూర్పు 1694. ఒకే మాటని వేర్వేరు కూర్పుల్లో చూస్తే అర్థం ఎలా జరిగిందో తెలుస్తుంది. ఫ్రెంచ్-ఇంగ్లిష్ చిన్న డిక్షనరీ మొదటి ఆరు నెలలకే.

1835 అకాడమీ కూర్పు ఇంకో రకంగా కూడా మైలురాయి. 'ఉండేవాడు' లాంటి క్రియారూపాల చివర అంతకు ముందు 'ఓ, ఐ' (oi) అక్షరాలు రాసేవారు, ఆ కూర్పు వాటిని 'ఎ, ఐ' (ai)గా మార్చింది. కాబట్టి 1819 నాటి పుస్తకంలో మీకు తెలిసిన క్రియే కొత్త ముఖం పెట్టుకుని కనపడుతుంది, డిక్షనరీలో ఆ రూపం దొరకదు. 1800కి ముందు అచ్చులో 'ఎస్' అక్షరం పొడుగ్గా 'ఎఫ్' లాగా ఉంటుంది. వారం రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది.

తేదీలు! ఫ్రెంచ్ విప్లవం తర్వాత 1805 చివరిదాకా వాళ్లు వేరే క్యాలెండర్ వాడారు. కొత్త వైద్య పాఠశాలలు పెట్టిన చట్టం తేదీ '14 ఫ్రిమేర్, మూడో సంవత్సరం' అని ఉంటుంది. అది 1794 డిసెంబర్ 4. మార్చి చూపే పట్టికలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మనసులో లెక్క వేయకండి. చేతిరాత ఉత్తరాల్లో నెల పేరు పొట్టిగా రాయడానికి '8' వేసి పక్కన మూడక్షరాలు రాస్తారు. ఎనిమిదో నెల అనుకుని ఆగస్టు వేసుకుంటాం. కాదు, అక్టోబర్. లాటిన్‌లో 'ఆక్టో' అంటే ఎనిమిది, ఆ లెక్కన రాశారు. అలాగే 7 సెప్టెంబర్, 9 నవంబర్. నేను ఒక ఉత్తరాల వరస మొత్తం ఈ పొరపాటుతో పేర్చుకున్నాను. ఆ ఉత్తరాలు రాసినాయన చనిపోయిన భార్యని రెండు నెలల తర్వాత పలకరిస్తున్నట్టు వచ్చేసరికి తెలిసింది.

ఇక మెషిన్ ట్రాన్స్‌లేషన్. నేను వాడతాను, దాచడం దేనికి. వంద పేజీల్లో నాకు కావాల్సిన పది ఏవో తేల్చుకోవడానికి దానికి మించింది లేదు. కానీ ఉటంకించే వాక్యం దగ్గరికి వచ్చేసరికి ముందు నేనే అనువదిస్తాను, తర్వాత మెషిన్‌కి ఇస్తాను, రెండిటికీ తేడా వచ్చిన చోట మాత్రమే ఆగి ఆలోచిస్తాను. మెషిన్ ఇచ్చింది ముందు చూస్తే ఆ వాక్యం ఎంత నున్నగా ఉంటుందంటే అనుమానమే రాదు. పై కలరా వాక్యాన్ని ఈమధ్య ఒక మెషిన్‌కి ఇచ్చాను. 'రోగి ఈ నీటిని తాగాడు' అంది. 'ట' ఎగిరిపోయింది, చదవడానికి మాత్రం ఎంతో శుభ్రంగా ఉంది. పాత స్కాన్ల నుంచి తీసిన టెక్స్ట్ అయితే ఇంకా జాగ్రత్త, పొడుగు 'ఎస్'ని కంప్యూటర్ 'ఎఫ్'గా చదివి లేని మాటలు సృష్టిస్తుంది.

అనువాదం గురించి. ఫ్రెంచ్ వాక్యం ఒక మనిషి పేరు చెప్పి, దాని వెనక 'ఎవరి నోటుబుక్కులైతే పోయాయో, ఎవరినైతే శిష్యులు అరుదుగా ప్రస్తావిస్తారో' అంటూ తోక తగిలిస్తూ పోతుంది, చివరికి 'రెండు కేసులు తప్ప చూడలేదు' అని ముగుస్తుంది. దాన్ని తెలుగులో ఒకే వాక్యంగా చేయాలని చూస్తే 'నోటుబుక్కులు పోయిన, శిష్యులు అరుదుగా ప్రస్తావించే ఈ వైద్యుడు' అని మొదలవుతుంది, పాఠకుడికి ఊపిరాడదు. తెగ్గొట్టండి: 'ఈ వైద్యుడి నోటుబుక్కులు దొరకడం లేదు. శిష్యులు కూడా ఆయన పేరు ఎప్పుడో గాని ఎత్తరు. ఆయన చూసినవి రెండే కేసులు.' మూడు వాక్యాలయ్యాయి, అయితేనేం. ఒక్కటి మాత్రం కాపాడాలి, బరువు ఎక్కడుందో అది. ఇక్కడ బరువు 'రెండే' మీద ఉంది, దాన్ని మధ్యలో పారేయకూడదు.

పారిభాషిక పదాల దగ్గర తొందరపడకండి. 'ఎక్స్‌పెర్యాఁస్' అంటే అనుభవమూ అవుతుంది, ప్రయోగమూ అవుతుంది. 1865లో ప్రయోగ వైద్యం మీద పుస్తకం రాసిన క్లోద్ బెర్నార్ అంతటివాడే ఈ రెండు అర్థాలనీ విడదీసి చెప్పాల్సి వచ్చింది. ప్రతిచోటా ఒకే తెలుగు మాట పెట్టేస్తే ఆయన వాదనే కూలిపోతుంది. ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకోని చదివేవాళ్లకి జ్ఞానానికి 'సవ్వార్', 'కొనెసాఁస్' అని రెండు మాటలు వస్తాయి, ఇంగ్లిష్‌లో రెండూ ఒకటే మాటైపోతాయి. తెలుగులో 'తెలియడం', 'ఎరుక' అని మనకి రెండు వేర్వేరు మాటలు ఉన్నాయి. అవే సరైనవని అనను, కానీ ఇంగ్లిష్ అనువాదం మీదుగా వెళ్తే ఆ తేడా ఉందని కూడా తెలియదు.

మాట్లాడక్కర్లేదు అన్నాను కదా, ఒక్క మినహాయింపు ఉంది. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు ఫ్రెంచ్ పేర్లని అక్షరాలతో సహా దించేస్తారు, ఉచ్చారణ తెలియకపోయినా బండి నడుస్తుంది. తెలుగు లిపిలో అలా కుదరదు, మనం రాసేది పలుకుబడి. చివరి హల్లు చాలాసార్లు పలకదు: మా వైద్యుల్లో బిషా, బ్రుసే. కానీ లాయెనెక్, పినెల్ లాంటి వాటిలో పలుకుతుంది. రచయితల్లో బార్త్ చివర 'ఎస్' రాస్తారు, పలకరు. ద్యురాస్ చివర 'ఎస్' రాస్తారు, పలుకుతారు. నియమాలు నేర్చుకున్నా పేర్లకి అవి పూర్తిగా వర్తించవు, కాబట్టి ఒక్కో పేరూ ఫ్రెంచ్ వాళ్లు పలికింది విని రాసుకోండి. నా దగ్గర ఇలాంటి పేర్ల నోటుబుక్కు ఒకటి ప్రత్యేకంగా ఉంది.

మరి రేపు ఉదయం ఏం చేయాలి? పిల్లల కథలతో మొదలుపెట్టకండి. వాటిలో సంభాషణలు, జంతువుల పేర్లు ఉంటాయి, మీకు పనికిరావు. మీకు ముందే తెలిసిన వాదన ఉన్న వ్యాసం తీసుకోండి. ఇంగ్లిష్‌లో సారాంశం కూడా ఉన్నదైతే ఇంకా మంచిది. పాత ఫ్రెంచ్ పత్రికల వ్యాసాలు 'పెర్సే'లో, పాత పుస్తకాలు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల 'గాలికా'లో ఉచితంగా దొరుకుతాయి. పక్కన ఒక సన్నటి వ్యాకరణ పుస్తకం ఉంచుకోండి, అది ముందు పూర్తి చేద్దామని మాత్రం కూర్చోవద్దు. రోజుకి ఒక పేరా చాలు: మొదట ప్రతి వాక్యంలో ప్రధాన క్రియ కింద గీత, తర్వాత దాని కర్త, తర్వాత 'నె'లకి చుట్లు, ఆ తర్వాతే డిక్షనరీ. నా మొదటి పేజీకి రెండు సాయంత్రాలు పట్టింది. మూడో నెలకి గంట పట్టేది. మధ్యలో ఎక్కడో, నాలుగో నెల దగ్గర, ఏమీ ముందుకు కదలనట్టు ఉంటుంది. అప్పుడు మొదటి వారంలో చదివిన పేరా తీసి మళ్లీ చదవండి.

సిద్ధాంత గ్రంథంలో ఉటంకించేటప్పుడు మీ అనువాదం పైన పెట్టి, ఫ్రెంచ్ మూలం కింద అధోజ్ఞాపికలో తప్పకుండా ఇవ్వండి. 'అనువాదం నాది' అని కూడా రాయండి. నా 'సాఁ దూత్' పొరపాటు పట్టుబడింది మూలం కింద ఉండబట్టే. మీ అంశం ఏ శతాబ్దమో చెప్తే ఏ డిక్షనరీ, ఏ లిపి చిక్కులు ముందు చూసుకోవాలో ఇంకాస్త వివరంగా రాస్తాను.